విద్యుత్ విమానం బ్యాటరీని మోడల్ చేయడం: చివరి నిమిషం నుంచి మొదలుపెట్టే పద్ధతి

బ్యాటరీ మోడలింగ్ నేర్చుకునేవాళ్లలో చాలామంది కార్ల వైపు నుంచి వస్తారు. అక్కడ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ప్యాక్ ఎన్ని కిలోవాట్-అవర్లు, దాంతో ఎన్ని కిలోమీటర్లు వస్తాయి? అదే అలవాటుతో విమానం దగ్గరికి వస్తే లెక్క మొదట్లోనే పక్కదారి పడుతుంది. కారులో ఛార్జ్ అయిపోతుంటే వేగం తగ్గించుకోవచ్చు, రోడ్డు పక్కన ఆపుకోవచ్చు. నిలువుగా దిగాల్సిన విమానానికి ఆ వీలు లేదు. ఛార్జ్ అడుగంటి, వోల్టేజ్ బాగా పడిపోయిన సమయంలోనే దానికి టేకాఫ్‌కి పట్టినంత పవర్ మళ్లీ కావాలి. అందుకే ఈ గైడ్ మొత్తంలో నేను వదలకుండా పట్టుకునే మాట ఒక్కటే: ముందు ల్యాండింగ్ చివరి నిమిషాన్ని మోడల్ చేయండి, సెల్ ఆ పవర్ ఇవ్వగలదో లేదో తేల్చుకోండి, రేంజ్ లెక్క ఆ తర్వాతే.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మొదటి రౌండ్ అంతా స్ప్రెడ్‌షీట్‌లోనే అయిపోతుంది, తర్వాత పైథాన్ వస్తే చాలు. కింద ఒకే ఉదాహరణని చివరిదాకా తీసుకెళ్తాను. అందులో అంకెలు నేను ఎంచుకున్నవి, ఏ కంపెనీ విమానానివీ కావు. మీ డిజైన్ అంకెలు పెట్టి అదే వరసలో చేసుకుంటూ రండి.

అడుగు 1: విమానం ఎంత పవర్ అడుగుతుందో రాసుకోండి

బ్యాటరీ మోడల్‌కి ఇన్‌పుట్ కరెంట్ కాదు, పవర్. పైలట్ అడిగేది థ్రస్ట్, మోటార్ లాగేది వాట్లు. కాబట్టి ముందు సెకను సెకనుకీ ఎన్ని కిలోవాట్లు కావాలో చూపే ప్రొఫైల్ తయారవ్వాలి.

గాల్లో నిలబడటానికి, అంటే హోవర్‌కి, ఆదర్శ పవర్ ఇలా వస్తుంది:

హోవర్ పవర్ = థ్రస్ట్^1.5 ÷ √(2 × గాలి సాంద్రత × రోటర్ల మొత్తం వైశాల్యం)

2000 కిలోల విమానం అనుకుందాం. థ్రస్ట్ 19,620 న్యూటన్లు, రోటర్ల వైశాల్యం 20 చదరపు మీటర్లు, సముద్ర మట్టం దగ్గర గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.225 కిలోలు. ఆదర్శంగా దాదాపు 393 కిలోవాట్లు వస్తుంది. నిజం రోటర్ అంత సమర్థంగా ఉండదు కాబట్టి దాన్ని 0.7తో, మోటార్, ఇన్వర్టర్ నష్టాల కోసం ఇంకో 0.9తో భాగిస్తే బ్యాటరీ దగ్గర దాదాపు 623 కిలోవాట్లు అవుతుంది.

క్రూజ్ (రెక్కల బలంతో ముందుకి సాగే దశ) లెక్క ఇంకా సులువు: బరువు × వేగం ÷ లిఫ్ట్-డ్రాగ్ నిష్పత్తి (పైకెత్తే బలానికీ గాలి అడ్డుకునే బలానికీ మధ్య నిష్పత్తి), దాన్ని మళ్లీ సామర్థ్యాలతో భాగించడం. సెకనుకి 60 మీటర్ల వేగం, నిష్పత్తి 12, ప్రొపెల్లర్ 0.8, మోటార్ 0.92 అనుకుంటే 133 కిలోవాట్లు. అంటే హోవర్‌కి క్రూజ్ కన్నా నాలుగున్నర రెట్లకు పైగా పవర్ కావాలి.

ఇక్కడ జెట్ విమానాలకి అలవాటుపడ్డవాళ్లు మర్చిపోయే విషయం ఒకటుంది. ఇంధనం కాలేకొద్దీ మామూలు విమానం బరువు తగ్గుతుంది, దిగేటప్పుడు తేలిగ్గా ఉంటుంది. బ్యాటరీ ఖాళీ అయినా దాని బరువు అంతే ఉంటుంది. కాబట్టి ల్యాండింగ్ హోవర్‌కి కూడా అదే 623 కిలోవాట్లు రాయాలి, ఒక్క వాట్ కూడా తగ్గించకూడదు. ఎత్తైన చోట, ఎండ మండే రోజున గాలి పలచబడుతుంది కాబట్టి ఇంకా పెంచాలి. ప్రొఫైల్ ఒక్కటి కాకుండా కనీసం మూడు పెట్టుకోండి: మామూలు రోజు, వేడి రోజు, ల్యాండింగ్ రద్దు చేసి మళ్లీ పైకి లేచి తిరిగొచ్చే పరిస్థితి. మూడోది లేకుండా చేసిన మోడల్‌ని నేను మోడల్‌గా లెక్కలోకి తీసుకోను.

రిజర్వ్ కూడా ప్రొఫైల్‌లో భాగమే. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధన 91.151 పగటి వీఎఫ్‌ఆర్ (పైలట్ బయటికి కంటితో చూస్తూ నడిపే) ప్రయాణానికి మామూలు విమానమైతే 30 నిమిషాలు, రోటర్‌క్రాఫ్ట్ (హెలికాప్టర్ లాంటివి) అయితే 20 నిమిషాలు అదనంగా ఎగరగలిగే ఇంధనం అడుగుతుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీని దెబ్బ తెలుస్తుంది.

అడుగు 2: ప్యాక్ నుంచి ఒక్క సెల్‌కి దిగండి

జెట్ ఇంధనంలో కిలోకి దాదాపు 12,000 వాట్-అవర్ల ఎనర్జీ ఉంటుంది. మంచి 21700 సెల్‌లో (21 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న స్థూపాకార సెల్) కిలోకి 250-260 వాట్-అవర్లు. అది కూడా ఒట్టి సెల్ బరువుకే. కేసింగ్, బస్‌బార్లు (కరెంట్ మోసే లోహపు పట్టీలు), కూలింగ్, మంట పక్క సెల్‌కి పాకకుండా పెట్టే అడ్డుగోడలు, బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టి చూసే ఎలక్ట్రానిక్స్) అన్నీ కలిపాక ప్యాక్ బరువులో సెల్స్ వాటా ఎంతో నిజాయితీగా రాసుకోవాలి. నేను 75 శాతం తీసుకుంటున్నాను, అదీ కొంచెం ఆశావహమే.

600 కిలోల ప్యాక్‌లో 450 కిలోలు సెల్స్. ఒక్కో సెల్ 70 గ్రాములు, 5 ఆంపియర్-అవర్లు, 3.6 వోల్టులు, అంటే 18 వాట్-అవర్లు. 200 సిరీస్, 32 ప్యారలల్ పెడితే 6400 సెల్స్, 115 కిలోవాట్-అవర్లు, నామమాత్రపు వోల్టేజ్ 720.

ఇప్పుడు ప్రొఫైల్‌ని 6400తో భాగించండి. హోవర్‌లో సెల్‌కి 97 వాట్లు, క్రూజ్‌లో దాదాపు 21 వాట్లు. ఇక్కడి నుంచి విమానాన్ని మర్చిపోయి ఈ ఒక్క సెల్‌తోనే పని చేయాలి, ప్యాక్ దగ్గరికి చివర్లో తిరిగొద్దాం. 97 వాట్లంటే 18 వాట్-అవర్ల సెల్‌కి 5సి కన్నా ఎక్కువ (1సి అంటే నిండు సెల్ ఒక గంటలో ఖాళీ అయ్యే వేగం, 5సి దానికి ఐదు రెట్లు). 5 ఆంపియర్-అవర్ల ఎనర్జీ సెల్స్‌లో (ఎక్కువ ఛార్జ్ నిలిపేలా చేసినవి) చాలావాటికి తయారీదారులు నిరంతర డిశ్చార్జ్‌కి ఇచ్చే పరిమితి దీనికన్నా బాగా తక్కువ. డేటాషీట్ అక్కడే వద్దంటోంది. అయినా లెక్క ముందుకి తీసుకెళ్తాను, ఎందుకు వద్దంటోందో అంకెల్లో చూడటం అవసరం.

అడుగు 3: ఎంత లోతు మోడల్ కావాలో తేల్చుకోండి

మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది ఈక్వివలెంట్ సర్క్యూట్: ఒక వోల్టేజ్ సోర్స్, ఒక రెసిస్టర్, వాటి పక్కన ఒకటో రెండో ఆర్‌సీ (రెసిస్టర్-కెపాసిటర్) జతలు. రెండోది సింగిల్ పార్టికల్ మోడల్: ఒక్కో ఎలక్ట్రోడ్‌ని ఒకే కణంగా తీసుకుని అందులో లిథియం ఎలా వ్యాపిస్తుందో లెక్కిస్తుంది. మూడోది 1993లో వచ్చిన డాయల్-ఫుల్లర్-న్యూమన్ మోడల్: ఎలక్ట్రోడ్ మందం పొడవునా, ఎలక్ట్రోలైట్‌తో సహా అంతా లెక్కలోకి వస్తుంది.

కొత్తవాళ్లు మూడోదాన్ని చూసి మోజుపడతారు. విమానం సైజింగ్‌కి, బ్యాటరీ బరువు తేల్చడానికి, ప్రతి మిషన్‌నీ వేలసార్లు తిప్పి చూడటానికి ఈక్వివలెంట్ సర్క్యూటే సరైన చోటు. దానిలో పారామీటర్లన్నీ మీరు బెంచ్ మీద స్వయంగా కొలవగలిగినవి, అదే దాని అసలు బలం. ఫిజిక్స్ మోడల్‌కి కావాల్సిన కణాల వ్యాసార్థాలు, వ్యాప్తి గుణకాలు మీ సెల్‌కి ఎవరూ ఇవ్వరు, వేరే సెల్ విలువలు పెట్టి నడిపిస్తే గ్రాఫ్ అందంగానే వస్తుంది కానీ అది మీ సెల్ కాదు.

ఫిజిక్స్ మోడల్ తప్పనిసరయ్యే చోట్లు కూడా ఉన్నాయి. వేగంగా ఛార్జ్ చేస్తే యానోడ్ మీద లిథియం పేరుకుంటుందా అనేది, అధిక కరెంట్‌లో ఎలక్ట్రోలైట్‌లో అయాన్లు ఒకవైపు ఎండిపోతున్నాయా అనేది సర్క్యూట్ మోడల్ చెప్పలేదు. అలాంటి ప్రశ్న వస్తే పైబామ్ అనే ఓపెన్ సోర్స్ పైథాన్ ప్యాకేజీ తీసుకోండి. ఫిజిక్స్ మోడల్స్, ప్రచురితమైన పారామీటర్ సెట్లు అందులోనే ఉన్నాయి, పైగా కరెంట్ బదులు నేరుగా వాట్లలో ప్రొఫైల్ ఇచ్చి నడపొచ్చు.

అడుగు 4: పారామీటర్లు కొలవండి, డేటాషీట్ అంకెని నమ్మకండి

డేటాషీట్‌లో ఇచ్చే అంతర్నిరోధం సాధారణంగా 1 కిలోహెర్ట్జ్ ఏసీ దగ్గర కొలిచింది. ఆ ఫ్రీక్వెన్సీలో దాదాపు లోహపు భాగాల, ఎలక్ట్రోలైట్ నిరోధం మాత్రమే కనబడుతుంది. హోవర్ 60 సెకన్లు సాగుతుంది, అంతసేపు కరెంట్ లాగితే ఛార్జ్ ట్రాన్స్‌ఫర్ తాలూకు పతనం, ఆపైన వ్యాప్తి తాలూకు పతనం కూడా వచ్చి చేరతాయి. అదంతా కలిపిన 60 సెకన్ల నిరోధం డేటాషీట్ అంకె కన్నా బాగా ఎక్కువ ఉంటుంది. ఈ ఒక్క తేడా పట్టించుకోకపోతే మిగతా మోడల్ ఎంత శ్రద్ధగా చేసినా వృథా.

కొలిచే పద్ధతి కార్లవాళ్లు వాడే హెచ్‌పీపీసీ అనే పల్స్ పరీక్ష లాంటిదే: కొంత ఛార్జ్ తీసేయడం, గంటో అంతకన్నా ఎక్కువో విశ్రాంతి ఇవ్వడం, ఓసీవీ (కరెంట్ లాగనప్పుడు సెల్ చూపే వోల్టేజ్) రాసుకోవడం, పల్స్ ఇచ్చి వోల్టేజ్ ఎంత పడిందో చూడటం, మళ్లీ కిందికి దిగడం. రెండు మార్పులు మాత్రం తప్పకుండా చేయండి. కార్లలో అలవాటైన 10 సెకన్ల పల్స్ బదులు మీ హోవర్ ఎంతసేపుంటే అంత పల్స్ ఇవ్వండి, 60 నుంచి 90 సెకన్లు. కరెంట్ కూడా హోవర్‌లో వచ్చేంత ఉండాలి, 1సి దగ్గర కొలిచిన నిరోధం 6సి దగ్గర అదే ఉంటుందని లేదు. రెండో మార్పు: ఎస్‌వోసీ (సెల్‌లో మిగిలిన ఛార్జ్ శాతం) 30 శాతం పైన 10 శాతం మెట్లు చాలు, 30 కింద మాత్రం 5 శాతం, వీలైతే 2.5 శాతం మెట్లలో దిగండి. ల్యాండింగ్ జరిగేది అక్కడే, ఓసీవీ వంపు తిరిగేదీ నిరోధం పైకి లేచేదీ అక్కడే.

ఇదంతా కనీసం నాలుగు ఉష్ణోగ్రతల దగ్గర చేయాలి: 0, 15, 25, 40 డిగ్రీలు. మధ్య విలువలకి అరీనియస్ సూత్రం (ఉష్ణోగ్రతతో నిరోధం ఎలా మారుతుందో చెప్పేది) సరిపోతుంది. యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కి 25 కిలోజౌల్స్ అనుకుంటే 0 డిగ్రీల దగ్గర నిరోధం 25 డిగ్రీల దగ్గర ఉన్నదానికి దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. రాత్రంతా చలిలో నిలబెట్టిన విమానం పొద్దున్నే ఎగరాలంటే ఈ అంకెతోనే తలపడాలి.

ఆర్‌సీ జతల విషయానికొస్తే, పల్స్ వంపుకి రెండు జతలు ఫిట్ చేయండి: ఒకటి కొన్ని సెకన్ల టైమ్ కాన్‌స్టాంట్‌తో, ఇంకోటి వంద సెకన్ల చుట్టుపక్కల. మూడో జత పెడితే ఫిట్టింగ్ మెరుగ్గా కనబడుతుంది, అంచనా మెరుగవ్వదు.

అడుగు 5: స్థిర పవర్ దగ్గర కరెంట్ లెక్కించండి

గైడ్ మొత్తానికి గుండెకాయ ఇదే. పవర్ తెలుసు, కరెంట్ తెలీదు, కరెంట్ పెరిగితే వోల్టేజ్ పడిపోతుంది, వోల్టేజ్ పడితే అదే పవర్ కోసం ఇంకా కరెంట్ కావాలి. దీన్ని తేల్చేది ఒక వర్గ సమీకరణం:

కరెంట్ = (ఓసీవీ − √(ఓసీవీ² − 4 × నిరోధం × పవర్)) ÷ (2 × నిరోధం)

ఆర్‌సీ జతలు పెట్టినప్పుడు ఓసీవీ స్థానంలో, అందులోంచి ఆ జతల వోల్టేజ్‌లు తీసేసిన విలువ పెట్టి, నిరోధం దగ్గర తక్షణ నిరోధం మాత్రమే వాడండి. వర్గమూలం లోపలి విలువ నెగటివ్ అయితే సెల్ ఆ పవర్ ఇవ్వలేదని అర్థం, ప్రోగ్రామ్ అక్కడ ఆగి గట్టిగా చెప్పాలి. అసలు పరిమితి మాత్రం దానికన్నా ముందే వస్తుంది: కనీస వోల్టేజ్ కట్-ఆఫ్, అంటే సెల్‌ని అంతకన్నా కిందికి దింపకూడని వోల్టేజ్. దాని ప్రకారం సెల్ ఇవ్వగలిగిన గరిష్ఠ పవర్:

గరిష్ఠ పవర్ = కట్-ఆఫ్ × (ఓసీవీ − కట్-ఆఫ్) ÷ నిరోధం

మన ఉదాహరణ సెల్‌కి 60 సెకన్ల నిరోధం 25 మిల్లీఓమ్‌లు, కట్-ఆఫ్ 2.5 వోల్టులు అనుకుందాం. సరళంగా ఉండటానికి మొత్తం నిరోధాన్ని ఒకే రెసిస్టర్‌గా తీసుకుంటున్నాను.

టేకాఫ్‌లో ఓసీవీ 4.15 వోల్టులు. 97 వాట్లకి కరెంట్ 28 ఆంపియర్లు, వోల్టేజ్ 3.44. ఏ ఇబ్బందీ లేదు. నిమిషానికి 0.47 ఆంపియర్-అవర్లు ఖర్చు, సెల్ కెపాసిటీలో 9 శాతం పైన.

ఇప్పుడు ల్యాండింగ్. 97 వాట్లు ఇస్తూ 2.5 వోల్టుల పైన నిలబడాలంటే ఓసీవీ కనీసం 3.47 ఉండాలి. నికెల్-మాంగనీస్-కోబాల్ట్ క్యాథోడ్, గ్రాఫైట్ యానోడ్ ఉన్న సెల్‌లో అది సుమారు 25 శాతం ఎస్‌వోసీ. ఆ అంచు దగ్గర కరెంట్ 39 ఆంపియర్లు. టేకాఫ్‌లో అదే పవర్ 28 ఆంపియర్లకి వచ్చింది, ఇక్కడ 39 పడుతోంది. దిగే నిమిషానికే 12 నుంచి 13 శాతం ఛార్జ్ పోతుంది. అంటే 25 దగ్గర ముగియాలంటే 38 శాతం దగ్గరే దిగడం మొదలవ్వాలి. టేకాఫ్ అయ్యాక మిగిలిన 90 నుంచి 38 దాకా ఉన్న 52 శాతమే క్రూజ్‌కీ, రిజర్వ్‌కీ కలిపి దొరికేది. 2.6 ఆంపియర్-అవర్లు, దాదాపు తొమ్మిదిన్నర వాట్-అవర్లు, 21 వాట్ల దగ్గర 27 నిమిషాలు.

30 నిమిషాల రిజర్వ్ అడిగితే ఈ విమానం బయల్దేరనే కూడదు. 20 నిమిషాలు చాలన్నా ప్రయాణానికి మిగిలేది ఏడు. ప్యాక్ మీద 115 కిలోవాట్-అవర్లు అని రాసి ఉంటుంది, దాన్ని 133తో భాగించి 52 నిమిషాలు ఎగురుతాం అనుకునేవాళ్లకి ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాదు.

ఇప్పుడు సెల్ మార్చి చూడండి. 4 ఆంపియర్-అవర్ల పవర్ సెల్ (ఎక్కువ కరెంట్ ఇచ్చేలా చేసినది), అదే 70 గ్రాములు, నిరోధం 15 మిల్లీఓమ్‌లు. కెపాసిటీ 20 శాతం తక్కువ, కాగితం మీద నాసిరకంగా కనబడుతుంది. కానీ దీనికి కావాల్సిన ఓసీవీ 3.08 వోల్టులే, కాబట్టి 10 శాతం ఎస్‌వోసీ దాకా దిగొచ్చు. ల్యాండింగ్‌కి 14 శాతం, టేకాఫ్‌కి 11 శాతం తీసేస్తే క్రూజ్‌కి 65 శాతం దొరుకుతుంది. 4లో 65 శాతం అంటే 2.6 ఆంపియర్-అవర్లు. అంతకుముందు వచ్చిన అంకే! కిలోకి ఎన్ని వాట్-అవర్లు అనే ఒక్క కొలతతో సెల్ ఎంచుకోకూడదని నేను పదేపదే చెప్పేది ఇందుకే. ఈ రెండు సెల్స్ మధ్య అసలు తేడా వేడిలోనూ వయసులోనూ తేలుతుంది.

అడుగు 6: వేడిని అదే లూప్‌లో కలపండి

ప్రతి టైమ్ స్టెప్‌లోనూ వేడి = కరెంట్ × (ఓసీవీ − వోల్టేజ్). దీనికి ఎంట్రోపీ పదం కూడా కలిపితే బెర్నార్డి సమీకరణం అవుతుంది. హోవర్ లాంటి అధిక కరెంట్‌లో ఆ రెండో పదం చిన్నది, క్రూజ్‌లో మాత్రం వదిలేయకండి.

25 మిల్లీఓమ్‌ల సెల్‌లో టేకాఫ్ అప్పుడు 20 వాట్ల వేడి. నిమిషానికి 1200 జౌల్స్. 70 గ్రాముల సెల్ ఉష్ణధారకత డిగ్రీకి దాదాపు 70 జౌల్స్, కాబట్టి 17 డిగ్రీలు పెరుగుతుంది. ల్యాండింగ్‌లో 34 వాట్లు దాటుతుంది, నిమిషంలో దాదాపు 30 డిగ్రీలు. అప్పటికే 40 డిగ్రీల దగ్గర ఉన్న సెల్ 70కి చేరుతుంది, చాలా సెల్స్‌కి డిశ్చార్జ్ పరిమితి 60 డిగ్రీలే. అంత తక్కువ సమయంలో కూలింగ్ ఏమీ ఆదుకోలేదు, వేడి సెల్ మధ్యలో పుడుతుంది, స్థూపాకార సెల్‌లో చుట్టలు దాటి అడ్డంగా బయటికి రావడం చాలా నిదానం. హోవర్ వరకు కూలింగ్ సున్నా అని లెక్కేయడమే భద్రం. 15 మిల్లీఓమ్‌ల సెల్‌లో ఇదే పెరుగుదల 16 డిగ్రీల చుట్టూ ఉంటుంది.

ఉష్ణోగ్రత పెరిగితే నిరోధం తగ్గుతుంది, అది మనకి లాభమే. అందుకే రెండు లెక్కలూ విడివిడిగా చేయకూడదు: ప్రతి స్టెప్‌లో ఉష్ణోగ్రతతో నిరోధం తీసుకో, కరెంట్ తేల్చు, వేడి కట్టు, ఉష్ణోగ్రత మార్చు, ఎస్‌వోసీ తగ్గించు, ముందుకి నడు. హోవర్‌లో 1 సెకను స్టెప్, క్రూజ్‌లో 10 సెకన్లు చాలు. చివర్లో ఒక తనిఖీ పెట్టుకోండి: ఓసీవీని కరెంట్‌తో గుణించి కూడితే వచ్చే ఎనర్జీ, బయటికిచ్చిన ఎనర్జీ, నిరోధంలో పోయిన వేడి కలిపితే సమానం కావాలి (ఆర్‌సీ కెపాసిటర్లలో మిగిలిన కాస్త తప్ప). కాకపోతే కోడ్‌లో ఎక్కడో గుర్తు తిరగబడింది.

అడుగు 7: వయసు మీరిన సెల్‌తో మళ్లీ నడపండి

కార్ల లోకంలో కెపాసిటీ 80 శాతానికి పడితే బ్యాటరీ పని అయిపోయింది అంటారు. ఆ కొలమానం ఇక్కడికి తేవద్దు. కెపాసిటీ ఏమాత్రం తగ్గకుండా నిరోధం ఒక్కటి 25 శాతం పెరిగిందనుకోండి, 25 కాస్తా 31 మిల్లీఓమ్‌లు. ల్యాండింగ్ చివర్లో కావాల్సిన ఓసీవీ 3.47 నుంచి 3.72కి లేస్తుంది, అంటే సుమారు 50 శాతం ఎస్‌వోసీ. దిగే నిమిషం ఖర్చు కలిపితే 63 శాతం దగ్గరే దిగడం మొదలుపెట్టాలి. క్రూజ్‌కి మిగిలేది 27 శాతం, 27 నిమిషాలు పోయి 15 అయ్యాయి. పవర్ సెల్‌లో ఇదే 25 శాతం పెరుగుదలకి అవసరమైన ఓసీవీ 3.23 దగ్గర ఆగుతుంది, క్రూజ్‌లో పోయేది కొద్ది శాతమే. కొత్తగా ఉన్నప్పుడు సమానంగా కనబడిన రెండు సెల్స్, వయసు మీరాక ఒకదానికొకటి పోలికే లేకుండా పోతాయి.

నిరోధం ఎలా పెరుగుతుందో మోడల్ చేయడానికి రెండు పదాలతో మొదలుపెట్టండి. ఒకటి క్యాలెండర్ వయసు, యానోడ్ మీద ఎస్‌ఈఐ పొర (ఎలక్ట్రోలైట్ విడిపోయి పేరుకునేది) మందం అవ్వడం, ఇది కాలం వర్గమూలంతో పెరుగుతుంది, వేడిగా, నిండుగా ఛార్జ్ చేసి నిలబెడితే ఇంకా వేగంగా. రెండోది వాడకం, ఎన్ని ఆంపియర్-అవర్లు లోపలికీ బయటికీ పోయాయి అనేది. ఒక ట్రిప్ అయిన వెంటనే వేడి ప్యాక్‌నే మళ్లీ గబగబా ఛార్జ్ చేసే ఎయిర్ ట్యాక్సీ వాడకంలో రెండూ కలిసి పని చేస్తాయి. కొంతకాలం నిదానంగా పెరిగిన నష్టం ఒక్కసారిగా వాలిపోయే మోకాలు లాంటి వంపు కూడా ఉంటుంది, ఈ రెండు పదాల మోడల్ దాన్ని ముందుగా చెప్పలేదు. అందుకే కొలిచిన సైకిల్స్ దాటి అంచనాలు పొడిగించకండి.

సొంత డేటా లేనివాళ్లకి ఒక మంచి ఆధారం ఉంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం సోనీ-మురాటా వీటీసీ6 సెల్స్ 22 తీసుకుని, టేకాఫ్, క్రూజ్, ల్యాండింగ్ లాంటి పవర్ ప్రొఫైల్‌తో పదే పదే నడిపి ఆ డేటాని అందరికీ అందుబాటులో పెట్టింది. సెల్‌ని బట్టి షరతులు మార్చారు కాబట్టి ఏది మారిస్తే వయసు ఎలా మారుతుందో చూడొచ్చు.

అడుగు 8: మళ్లీ ప్యాక్‌కి ఎక్కండి

ఒక్క సెల్ అంకెని 6400తో గుణిస్తే ప్యాక్ అవ్వదు. సిరీస్‌లో ఉన్న 200 గ్రూపుల్లో అన్నిటికన్నా బలహీనమైనది కట్-ఆఫ్‌కి చేరిన క్షణమే ప్యాక్ ఆగిపోతుంది. ప్యారలల్‌లో 32 సెల్స్ ఉండటం వల్ల తయారీ తేడాలు చాలావరకు సర్దుకుంటాయి, ఉష్ణోగ్రత తేడా మాత్రం సర్దుకోదు. మధ్యలో గ్రూపు 35 డిగ్రీలు, అంచున 25 డిగ్రీలు ఉంటే అరీనియస్ లెక్కలో అంచు గ్రూపు నిరోధం దాదాపు 40 శాతం ఎక్కువ. ల్యాండింగ్‌ని తేల్చేది ఆ చల్లటి అంచే. కాబట్టి మోడల్‌లో సగటు ఉష్ణోగ్రతతో ఒక సెల్, అన్నిటికన్నా చల్లటి చోట ఒక సెల్, అన్నిటికన్నా వేడి చోట ఒక సెల్, ఇలా మూడు నడపండి. వోల్టేజ్ పరిమితి చల్లటిదానితో, ఉష్ణోగ్రత పరిమితి వేడిదానితో చూడండి. బస్‌బార్లు, ఫ్యూజులు, కాంటాక్టర్ల నిరోధాన్ని సెల్‌కి పంచి కలపడం మర్చిపోకండి.

తర్వాత వైఫల్యం కేసు. ప్యాక్‌ని నాలుగు స్వతంత్ర భాగాలుగా పెట్టారనుకోండి, ఒకటి పోతే మిగతా మూడింటి మీద సెల్‌కి 130 వాట్లు పడుతుంది. 25 మిల్లీఓమ్‌ల సెల్‌కి అప్పుడు కావాల్సిన ఓసీవీ 3.8 వోల్టులు. ప్రయాణం సగం కాకముందే హోవర్ చేసి దిగే అవకాశం పోతుందన్నమాట, ఇక రన్‌వే మీద రెక్కల బలంతో దిగాల్సిందే. 2020 జూన్‌లో యూరప్ ఏవియేషన్ సంస్థ ఈఏఎస్ఏ నుంచి టైప్ సర్టిఫికెట్ పొందిన మొదటి విద్యుత్ విమానం పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రోలో రెండు ప్యాక్‌లు ప్యారలల్‌గా ఉంటాయి, కానీ దాని గరిష్ఠ టేకాఫ్ పవర్ 57.6 కిలోవాట్లే, అది రన్‌వే మీద లేచి రన్‌వే మీదే దిగే 600 కిలోల విమానం. దాని అనుభవాన్ని నిలువుగా లేచే విమానానికి నేరుగా అన్వయించలేం.

ఒక సెల్ అంటుకుంటే పక్క సెల్‌కి పాకుతుందా అనేది ఈ పర్‌ఫార్మెన్స్ మోడల్‌తో తేలదు, దానికి పరీక్షలు చేయాల్సిందే. 2013 జనవరిలో బోయింగ్ 787లలో బ్యాటరీ ఘటనల తర్వాత ఆ విమానాలన్నిటినీ నేల మీదే ఆపేశారు. నాసా ప్రయోగాత్మక విద్యుత్ విమానం ఎక్స్-57కి కూడా 2016లో పరీక్షలో వేడి ఒక సెల్ నుంచి ఇంకోదానికి పాకడంతో ప్యాక్‌ని కొత్తగా డిజైన్ చేశారు. మీ మోడల్‌కి దీనితో సంబంధం ఒక్కచోటే: అడ్డుగోడలు పెరిగితే అడుగు 2లోని 75 శాతం వాటా తగ్గుతుంది. దాన్ని 65కి దించి ఒకసారి మొత్తం నడిపి చూడండి.

అడుగు 9: చివరి నిమిషం దగ్గరే సరిచూసుకోండి

కొలిచిన సెల్‌నే బెంచ్ మీద పెట్టి పూర్తి మిషన్ ప్రొఫైల్ వాట్లలో నడపండి, పారామీటర్లు తీసిన పల్స్ డేటాతో కాకుండా దీనితో పోల్చాలి. ఒకటి 25 డిగ్రీల దగ్గర, ఒకటి చలిలో, ఒకటి వయసు మీరిన సెల్‌తో. ప్రయాణం మొత్తం మీద సగటు తప్పు 20 మిల్లీవోల్టులని చూపించి మోడల్ బాగుందనడం చాలా పేపర్లలో కనబడుతుంది. అది సరిపోదు, ఎందుకంటే ఆ సగటులో ఎక్కువ భాగం క్రూజ్, క్రూజ్‌లో ఏ మోడల్ అయినా బాగానే కుదురుతుంది. ల్యాండింగ్ 60 సెకన్ల తప్పుని విడిగా రాయండి, కట్-ఆఫ్‌కి ఇంకా ఎన్ని మిల్లీవోల్టులు మిగిలాయో మోడల్ ఒక అంకె, బెంచ్ ఒక అంకె పక్కపక్కన పెట్టండి.

ఆ తర్వాత నిరోధం, కెపాసిటీ, మొదటి ఉష్ణోగ్రత, బీఎంఎస్ చూపించే ఎస్‌వోసీలో ఉండే తప్పు, ఈ నాలుగింటినీ మీరు కొలిచిన పరిధిలో యాదృచ్ఛికంగా మారుస్తూ వేలసార్లు తిప్పండి. సగటు రేంజ్ కాదు చూడాల్సింది, ఎన్నిసార్లు చివరి నిమిషంలో కట్-ఆఫ్ తగిలిందో, తగిలినప్పుడు ఏ పారామీటర్ ఏ వైపు ఉందో. దాదాపు ఎప్పుడూ తేలేది తక్కువ ఎస్‌వోసీ దగ్గరి నిరోధమే. అప్పుడు 10 నుంచి 30 శాతం మధ్య పల్స్‌లు, ఈసారి ఇంకొన్ని సెల్స్ మీద, పూర్తి హోవర్ కరెంట్‌తో మళ్లీ కొలిచి, పట్టిక మార్చి, అడుగు 5 నుంచి తిరిగి నడపండి.